ఒకేలా కనిపించే రెండు పేజీలు

వెబ్ పేజీలు కట్టడం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఒక్క నమూనా చూపించమంటే నేను చూపించేది సిటీలైట్స్. ఇది నిజమైన ఏ ఊరిదీ కాదు. ఎక్కడా లేని ఒక నగరం కోసం కట్టిన సమాచార సైటు. వార్తలు, వాతావరణం, టికెట్లు, ఒక సర్వే, ఇంతే అందులో సరుకు. కట్టింది మాత్రం వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ. అందులో వెబ్ యాక్సెసిబిలిటీ ఇనిషియేటివ్ అనే విభాగం 1997 నుంచి పనిచేస్తోంది. చూపు, వినికిడి, కదలిక విషయంలో ఇబ్బందులున్నవాళ్లకు కూడా వెబ్ అందాలన్నది దాని పని. ఆ విభాగం తరఫున షాదీ అబూ-జహ్రా సంపాదకుడిగా ఈ ‘బిఫోర్ అండ్ ఆఫ్టర్’ ప్రదర్శన తయారైంది. డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాలు 2008లో వచ్చాక, వాటికి తగ్గట్టు 2012లో దాన్ని తిరగరాశారు.

హోం, వార్తలు, టికెట్లు, సర్వే అని నాలుగు పేజీలు. ప్రతి పేజీకీ రెండు ప్రతులు: లోపాలున్నది ఒకటి, బాగుచేసింది ఒకటి. రెండింటినీ పక్కపక్కన తెరిచి చూస్తే తేడా దాదాపు తెలియదు. అవే రంగులు, అవే బొమ్మలు, అదే అమరిక. కళ్లు బాగా కనిపించి, చేతిలో మౌసున్న మనిషికి రెండూ ఒకటే. మౌసు పక్కనపెట్టి కీబోర్డుతో నడపబోయినా, తెర ఆపేసి, పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో విన్నా మొదటి ప్రతి అడుగడుగునా మొండికేస్తుంది. రెండోది సాఫీగా సాగిపోతుంది. అందరికీ అందేలా కడితే పేజీ అందం పోతుందని, బొమ్మల్లేని ఉత్త అక్షరాల పేజీ అయిపోతుందని డిజైనర్లలో చాలాకాలంగా ఒక అపోహ ఉంది. వీళ్లు దాంతో వాదన పెట్టుకోలేదు. రూపాన్ని కదపకుండా లోపలంతా మార్చి చూపించారు.

చెడ్డ ప్రతిని ముందు మెచ్చుకోవాలి. పనికిరాని పేజీని పనిగట్టుకుని కట్టడం తేలిక కాదు. తప్పులు మరీ ఎక్కువైతే వేళాకోళంగా ఉంటుంది, తక్కువైతే నేర్చుకునేదేమీ ఉండదు. ఇందులోని తప్పులన్నీ నిజంగా ఎవరో ఒకరు, మంచి ఉద్దేశంతోనే, రోజూ చేసేవి. తయారుచేసినవాళ్లు సరదా మనుషులని కూడా తెలుస్తుంది. వడగాడ్పులకు ఉష్ణోగ్రతలతో సంబంధం ఉందని తేలినట్టు ఒక వార్త, మెదళ్ల కొరతతో పరిశోధన కుంటుపడినట్టు మరొకటి. ఇలాంటి వార్తల మధ్య తప్పులు వెతకడం విసుగనిపించదు.

పేజీ నెత్తిమీది లోగో దగ్గర మొదలుపెడదాం. నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం అక్కడే ఉంది. కొత్తవాళ్లు బొమ్మ పెడతారు గాని దానికి ఆల్ట్ పాఠం రాయరు. అది అందరికీ తెలిసిన తప్పు. బొమ్మ కనిపించనివాళ్లకు దాని బదులు వినిపించాల్సిన మాటే ఆల్ట్. సిటీలైట్స్ చెడ్డ ప్రతిలో లోగోకు ఆల్ట్ ఉంది, కాకపోతే ఒక పేరా అంత ఉంది. ఎర్రటి చుక్క, అందులో తెల్లటి ‘సీ’ అక్షరం, అది చంద్రవంకకూ సూర్యుడికీ కూడా గుర్తు, ఆ పక్కన నల్లటి పట్టీ మీద సైటు పేరు, దాని మీదుగా చేతిరాతలాంటి అక్షరాల్లో కొంచెం ఏటవాలుగా నినాదం అని వర్ణన సాగుతూనే ఉంటుంది. చూపున్నవాళ్లు అరక్షణంలో దాటిపోయే బొమ్మ గురించి చూపులేనివాళ్లు అంతసేపు వినాలి, అదీ పేజీ మారినప్పుడల్లా. బాగుచేసిన ప్రతిలో ఆ వర్ణన పోయి, సైటు పేరూ దాని నినాదమూ మిగిలాయి.

ఈ మార్పు చిన్నదే గాని వెనక చాలా ఆలోచన ఉంది. బొమ్మ ఎలా ఉందన్నది ఆల్ట్‌లో రాయాల్సింది కాదు, అది అక్కడ ఎందుకుందన్నది రాయాలి. చార్మినార్ ఫొటో చరిత్ర పాఠంలో వస్తే మినార్ల గురించి, కమానుల గురించి చెప్పాలి. అదే ఫొటో హోం పేజీకి తీసుకెళ్లే లింకుగా పెడితే ‘హోం’ అంటే సరిపోతుంది. వట్టి అలంకారానికైతే ఆల్ట్‌ను ఖాళీగా పెట్టాలి. ఖాళీగా పెట్టడమూ అసలు పెట్టకపోవడమూ ఒకటి కాదు. ఖాళీగా ఉంటే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను వదిలేసి ముందుకు పోతుంది. అసలు లేకపోతే చాలాసార్లు ఫైలు పేరునే చదువుతుంది, అందులోని అంకెలతో సహా. ఇంకో మాట. పేజీలను తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్లకు ఈ లోగో ఆల్ట్‌లో తప్పు కనపడకపోవచ్చు. ఆల్ట్ ఉందా అంటే ఉంది మరి. మనిషి విని తేల్చాల్సిన తప్పును మొట్టమొదటి బొమ్మలోనే పెట్టడం కట్టినవాళ్ల తెలివి.

తర్వాత మెనూ లింకులు. చెడ్డ ప్రతిలో అవి మామూలు లింకులు కావు, జావాస్క్రిప్టుతో పేజీ మార్చేవి. పైగా ఒక్కోదానికీ, ఫోకస్ తన మీదికి రాగానే దాన్ని వదిలించుకోమనే ఆజ్ఞ ఉంటుంది. కీబోర్డుతో పేజీ నడిపేవాళ్లు ట్యాబ్ కీ నొక్కుతూ ఒక లింకు నుంచి ఇంకో లింకుకు వెళ్తారు. చేతులు వణికేవాళ్లు, మణికట్టు విరిగి కట్టు కట్టించుకున్నవాళ్లు, చూపులేనివాళ్లు, మౌసంటే చిరాకుపడే ప్రోగ్రామర్లు ఇలా నడిపేవాళ్లే. వాళ్లు మెనూ మీదికి రాగానే పట్టు జారిపోతుంది. ఇలాంటి ఆజ్ఞ ఎవరైనా ఎందుకు రాస్తారు? లింకు చుట్టూ బ్రౌజరు గీసే చుక్కల గీత డిజైనర్లకు నచ్చలేదు కాబట్టి. ఇప్పుడు ఆ ఆజ్ఞ రాసేవాళ్లు తక్కువే. కాని ఆ అయిష్టం మాత్రం అలాగే ఉంది, సీఎస్‌ఎస్‌లో ‘అవుట్‌లైన్: నన్’ అనే వేషంలో. కొత్తవాళ్లు ఎక్కడినుంచో ఎత్తి అతికించే స్టైల్ షీట్లలో ఆ పంక్తి ఇప్పటికీ కనిపిస్తుంది. దాంతో ఫోకస్ పోదు గాని కనపడదు. మనం ఎక్కడున్నామో తెలియని చీకట్లో ట్యాబ్ నొక్కుకుంటూ పోవాలి.

బాగుచేసిన ప్రతిలో అదంతా తీసేసి, చిరునామా ఉన్న మామూలు లింకులు పెట్టారు. ఏమీ కలపలేదు, అడ్డాలు తీసేశారంతే. కొత్తవాళ్ల పేజీలు బాగుచేసేటప్పుడు సగం పని ఇదే. బ్రౌజరు ఉచితంగా ఇచ్చే సదుపాయాలను మనమే చెడగొట్టి, వాటిని తిరిగి తెప్పించడానికి తిప్పలు పడుతుంటాం. ఉత్త డివ్‌కు రంగులద్ది బటన్ అనిపిస్తారు. అది ట్యాబ్‌కు అందదు, ఎంటర్‌కు పలకదు, స్పేస్‌కు పలకదు, స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అనదు. ఆ నాలుగూ తెప్పించడానికి రోల్ అని, ట్యాబ్ ఇండెక్స్ అని, కీబోర్డు స్క్రిప్టు అని ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. హెచ్‌టీఎంఎల్‌లో బటన్ అనే మూలకం ఉండనే ఉంది. దాంట్లో ఇవన్నీ పుట్టుకతోనే వస్తాయి. మూలకం ఏమిటో స్క్రీన్ రీడర్‌కు చెప్పే రోల్ లాంటి ‘ఏరియా’ (ARIA) లక్షణాల గురించి డబ్ల్యూ3సీ చెప్పే మొదటి నియమం కూడా ఇదే: హెచ్‌టీఎంఎల్‌లో సహజంగా ఉన్న మూలకంతో పని జరిగేటప్పుడు ఏరియా జోలికి వెళ్లొద్దు.

శీర్షికల దగ్గరా ఇదే కథ. చెడ్డ ప్రతిలో వార్తల శీర్షికలు లావు అక్షరాల పేరాలు. కంటికి శీర్షికలే, కోడ్‌లో మాత్రం కావు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లలో చాలామంది పేజీని పైనుంచి కిందికి వినరు. మనం పత్రిక తిరగేస్తూ శీర్షికల మీద చూపు పరిగెత్తించినట్టే, వాళ్లు హెచ్ అనే మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు దూకుతారు. చెడ్డ ప్రతిలో ఆ మీటకు దొరికేదేమీ ఉండదు. బాగుచేసిన ప్రతిలో శీర్షికలు నిజమైన శీర్షిక మూలకాలయ్యాయి, మెట్లవారీగా ఉన్నాయి. అక్షరాల సైజు మాత్రం మారలేదు, ఎందుకంటే అది సీఎస్‌ఎస్ చూసుకునే సంగతి. హెచ్2 మరీ పెద్దగా ఉందని హెచ్4కు వెళ్లే కొత్తవాళ్లను చాలామందిని చూశాను. సైజు నచ్చకపోతే స్టైల్ షీట్‌లో మార్చుకోవాలి గాని మెట్లు దాటకూడదు.

ప్రతి వార్త చివరా ‘ఇంకా చదవండి’ అనే లింకు పెట్టడం మన తెలుగు సైట్లకూ బాగా అలవాటే. లింకుల జాబితా మాత్రమే తెప్పించుకుని వినే సదుపాయం స్క్రీన్ రీడర్లలో ఉంటుంది. ఆ జాబితాలో ‘ఇంకా చదవండి’ వరసగా ఏడెనిమిదిసార్లు వినిపిస్తే వినేవాళ్లు ఏ వార్త తెరవాలి? లింకు మాటల్లోనే వార్త పేరు ఉండాలి. తెర మీద చోటు లేదంటారా, కంటికి కనపడకుండా స్క్రీన్ రీడర్‌కు మాత్రం వినిపించేలా ఆ పేరును సీఎస్‌ఎస్‌తో దాచవచ్చు.

సిటీలైట్స్ చెడ్డ ప్రతిలో క్విక్ మెనూ అని ఒక జాబితా పెట్టె ఉంది. అందులో ఏదైనా ఎంచుకుంటే చాలు, పేజీ మారిపోతుంది. మౌసుతో ఇది సుఖంగానే ఉంటుంది. కీబోర్డుతో బాణం మీట నొక్కి మూడో అంశానికి వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం మొదటి అంశం దగ్గరే గల్లంతవుతారు, ఎందుకంటే మీట నొక్కగానే పేజీ ఎగిరిపోతుంది. పరిష్కారం పక్కన ఒక బటన్ పెట్టడం. ఎంచుకోవడం ఒక పని, వెళ్లడం ఇంకో పని అని విడదీశారు.

అన్నిటికన్నా పెద్ద మార్పు కంటికి అసలు కనపడదు. చెడ్డ ప్రతి మొత్తం పట్టికలతో కట్టింది, ఒక పట్టికలో ఇంకో పట్టిక, దానిలో మరొకటి. పేజీ అమరికకు పట్టికలు వాడడం ఒకప్పుడు వృత్తి రహస్యం. బాగుచేసిన ప్రతిలో విషయమంతా చదివే వరుసలో పేర్చి, కుడిఎడమల అమరికను సీఎస్‌ఎస్‌కు అప్పగించారు. ఇక్కడ నాకు డేవ్ షే 2003లో మొదలుపెట్టిన ‘సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్’ గుర్తొస్తుంది. అందులో హెచ్‌టీఎంఎల్ ఒక్కటే, ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. డిజైనర్లు ఒక్కొక్కరూ ఒక్కో స్టైల్ షీట్ రాసి ఆ పేజీకే రకరకాల ముఖాలు తొడిగారు. సిటీలైట్స్ దాన్ని తిరగేసింది. ఇక్కడ ముఖం ఒక్కటే, మారింది లోపలి కట్టడం. ఈ రెంటినీ వెంటవెంటనే చూసినవాళ్లకు హెచ్‌టీఎంఎల్ పని ఎక్కడ ముగిసి సీఎస్‌ఎస్ పని ఎక్కడ మొదలవుతుందో ఏ పుస్తకం తెరవకుండానే తెలిసిపోతుంది.

పట్టికలంటే పగ కూడా పనికిరాదు. తేదీలు, కార్యక్రమాలు, ధరలు లాంటి వివరాలుంటే వాటికి పట్టికే సరైన ఇల్లు. కాకపోతే పై వరుసలోవి మామూలు గళ్లు కావు, శీర్షిక గళ్లని, అవి ఏ నిలువు వరుసకు చెందుతాయో స్కోప్‌తో చెప్పాలి. అప్పుడు ధర గడిలోకి వెళ్లినవాళ్లకు ఉత్త అంకె వినిపించదు, అది ధరన్న సంగతి కూడా వినిపిస్తుంది. ఫారంలో ప్రతి పెట్టెకూ లేబుల్ ఉండాలి. లేబుల్ పక్కన ఉంటే చాలదు, పెట్టెతో ముడిపడి ఉండాలి. ఇప్పటి కొత్తవాళ్లు లేబుల్ తీసేసి పెట్టె లోపలే బూడిద రంగులో ప్లేస్‌హోల్డర్ పెడుతున్నారు. టైపు చేయడం మొదలుపెట్టగానే అది మాయం. ఆ పెట్టెలో ఏం రాయాలో గుర్తు తెచ్చుకోవాలంటే రాసింది చెరిపి చూడాలి. అవునా కాదా అని అడిగే రేడియో బటన్లను ఫీల్డ్‌సెట్‌లో పెట్టి లెజెండ్‌లో ప్రశ్న రాయకపోతే, ఏ ప్రశ్నకు అవునో వినేవాళ్లకు తెలియదు.

రంగుల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీనికి లెక్క ఉంది. మామూలు అక్షరాలకు, వాటి వెనకున్న రంగుకు మధ్య కనీసం 4.5కు 1 వ్యత్యాసం ఉండాలని డబ్ల్యూసీఏజీ అంటుంది, పెద్ద అక్షరాలకు 3కు 1 చాలు. తెల్లటి నేల మీద 777777 అనే బూడిద రంగు 4.48 దగ్గర ఆగి తప్పుతుంది, 767676 అయితే 4.54తో గట్టెక్కుతుంది. కంటికి ఈ రెంటికీ తేడా తెలియదు. గీత ఎక్కడో ఒకచోట గీయాలి కదా. నా సలహా అయితే ఆ గీత మీద నిలబడొద్దు, ఇంకా ముదురు రంగుకు వెళ్లండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోను పట్టుకున్నవాళ్లు మిమ్మల్ని దీవిస్తారు.

సిటీలైట్స్ ఇంగ్లిష్ పేజీ కాబట్టి మన అవసరాలు కొన్ని అందులో రావు. పేజీ మొదట్లో భాష తెలుగని చెప్పే లాంగ్ లక్షణం వాటిలో మొదటిది. కొత్తవాళ్లు ఎత్తి అతికించే నమూనాలో ‘ఈఎన్’ అని ఉంటుంది, తెలుగు పేజీలోనూ అదే ఉండిపోతుంది. అప్పుడు స్క్రీన్ రీడర్ తెలుగు అక్షరాలను ఇంగ్లిష్ గొంతుకు అప్పగించే ప్రమాదం ఉంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే చూపులేని ఇద్దరు యువకులు పెంచిన ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ ఉంది. దాంతో వచ్చే ఈస్పీక్ అనే యంత్ర స్వరం తెలుగు చదవగలదు, యాసలో యంత్రపు బిగువున్నా అర్థమవుతుంది. భాష ఏదో దానికి చెప్పే బాధ్యత పేజీ రాసినవాళ్లదే. యూనికోడ్ వాడకం నిలదొక్కుకోకముందు మన పత్రికల సైట్లు కొన్ని సొంత ఫాంట్లతో నడిచేవి. తెర మీద తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం. చూపున్నవాళ్లకు అది పత్రిక, స్క్రీన్ రీడర్‌కు అర్థం లేని కూత. సిటీలైట్స్‌ను తెలుగులో చేసి ఉంటే చెడ్డ ప్రతికి ఇంతకన్నా మంచి లోపం దొరికేది కాదు.

రెండోది పంక్తుల మధ్య ఎడం. ఇంగ్లిష్ కోసం రాసిన స్టైల్ షీట్‌లో లైన్ హైట్ 1.2 అని పెడితే తెలుగులో పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి. 1.6 దాటితేగాని నా కంటికి ఊపిరాడదు. ఇటాలిక్ కూడా వద్దు. ఏటవాలు రూపం విడిగా గీయని తెలుగు ఫాంటుకు ఇటాలిక్ పెడితే బ్రౌజరు అక్షరాలను బలవంతంగా పక్కకు వంచుతుంది, గుండ్రటి మన అక్షరాలకు అది నప్పదు. నొక్కి చెప్పాలంటే బరువు పెంచండి.

ప్రదర్శనలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. అది పెద్ద తెరల కాలంనాటి కట్టడం, ఫోను కోసం అమర్చింది కాదు. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రకారం 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా పేజీని పక్కలకు జరపకుండా చదవగలగాలి. 2023లో వచ్చిన 2.2, వేలితో నొక్కే గుర్తులు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలంటుంది. ఈ రెండూ సిటీలైట్స్ తర్వాతి మాటలు. ఇప్పుడు ఇదే పని చేసేవాళ్లు డివ్‌ల బదులు హెడర్, నావ్, మెయిన్, ఫుటర్ మూలకాలు వాడతారు. పిక్సెళ్లకు బదులు రెమ్‌లలో సైజులిస్తే, బ్రౌజరులో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్ల మాట చెల్లుతుంది. ఈ వెలితి వల్ల నమూనా విలువ తగ్గిందని నేననుకోను. తప్పులు పాతవే, వేషాలే కొత్తవి.

ఆ మాటకు లెక్కలూ ఉన్నాయి. వెబ్ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోం పేజీలను యంత్రంతో తనిఖీ చేస్తుంది. 2025లో వాటిలో 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. తప్పుల్లో సింహభాగం ఆరు రకాలే: వెలిసిన రంగులు, ఆల్ట్ లేని బొమ్మలు, లేబుల్ లేని పెట్టెలు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, భాష చెప్పని పేజీలు. ఒక్కదానికీ కొత్త సాంకేతికత అక్కర్లేదు. యంత్రానికి చిక్కనివి, ఆ లోగో ఆల్ట్ లాంటివి, ఈ లెక్కలో లేనే లేవు. అందుకే సిటీలైట్స్‌లో ప్రతి పేజీకీ, రెండు ప్రతులకూ మూల్యాంకన నివేదిక జతచేశారు. పేజీ మీదే ఎక్కడికక్కడ వివరణలు కనిపించేలా చేసే ఏర్పాటూ ఉంది. ఏ నియమం ఎక్కడ తప్పిందో, ఎలా దిద్దారో అందులో దొరుకుతుంది.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. అయినా మొదటి పేజీ కడుతున్నవాళ్లు చట్టం చూసి భయపడనక్కర్లేదు. సిటీలైట్స్ రెండు ప్రతులూ తెరిచి, మౌసు పక్కనపెట్టి ట్యాబ్ నొక్కుతూ పోండి, ఆపైన రెండింటి కోడ్ చదవండి. తర్వాత మీ సొంత పేజీని అలాగే నడిపి చూసి, మొదట ఆగిపోయిన చోటే దిద్దడం మొదలుపెట్టండి.